కూలి డబ్బు ఏ కొట్టుకు నడచును?



ఒక పట్టణములోని జనులు తమ బియ్యమును, పప్పును, నూనెను ఎచ్చట కొనుచున్నారను ప్రశ్నకు వర్తకశాస్త్రజ్ఞులు చెప్పు సమాధానము మన మెరిగినదే. ధర ఎచ్చట తక్కువయో, సరకు ఎచ్చట శుభ్రమో, ఇంటికి ఏది చేరువయో అచ్చటనే కొందురని వారి మాట. ఇందులో అబద్ధము లేదు. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజారుల పోకడ నెరిగినవారికి ఇది సగము సమాధానముగానే తోచును. ఏలయన, కష్టజీవి కొట్టును ఎన్నుకొనుటకు పూర్వమే అతని కూలి, అది ఎన్నాళ్లకొకసారి చేతికందునో, ఎవరి చేతిమీదుగా వచ్చునో, వచ్చునను నమ్మకమెంతటిదో, ఆ లెక్కనుబట్టి, అతని కొక కొట్టును ఎన్నిపెట్టి యుండును. కొత్తగా వెలసిన గొలుసు దుకాణములను గూర్చియు, పాత కిరాణపు కొట్లను గూర్చియు, వీటి నడుమ కార్మికసంఘములు చేసినదానిని, చేయక విడిచినదానిని గూర్చియు ఈ పూట ముచ్చటింపదలచితిని.

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11 వరకు కరీంనగరు జిల్లాలోనివే. నేడు జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలోను, సిరిసిల్ల వేములవాడ రాజన్న పేరిట వెలసిన మరొక జిల్లాలోను ఉన్నవి. సిరిసిల్ల సాంచాల, అనగా మరమగ్గముల, ఊరు. అచ్చట నూలు తెప్పించి బట్ట నమ్ముకొను సేటు ఒకడు, అతనివద్ద బీములు తీసికొని తన సాంచాలపై నేయించు ఆసామి యొకడు, ఆ సాంచాల నడుమ పన్నెండుగంటల పాళీ నిలువుకాళ్లపై గడపు కార్మికు డొకడు. కూలి నేసినంత బట్టకు, పగారు వారమునకు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుప్రక్కల పల్లెలలో ఆడువారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టుదురు. వారికి కూలి వేయి బీడీల లెక్క. ఇచ్చిన ఆకు నాసిదైనను, చుట్టినవానిలో కొన్నింటిని టేకేదారు పనికిరావని తీసివేసినను, తగ్గునది ఆ కూలియే. జగిత్యాల వ్యవసాయమునకు ముఖ్యపట్టణము. పొలాసలోని పరిశోధనాస్థానము 'జగిత్యాల సన్నాలు' అను వరి వంగడమునకు పుట్టినిల్లు, చల్‌గల్ మామిడి మార్కెటు వేసవి వచ్చినదనిన ఉత్తరదేశపు వ్యాపారులతో కిటకిటలాడును. రైతుకు పైకము పంట కొకమారు. ఈ మూడు ప్రాంతములకును సామాన్యమైనది గల్ఫు. దుబాయి, సౌదీ, ఖతారు, కువైటుల నుండి నెలనెల బ్యాంకులో పడు సొమ్ముతో నడచు ఇండ్లు లేని గ్రామము ఈ ప్రాంతమున వెదకినను దొరకుట కష్టము.

వారమునకు వచ్చు పగారు, వేయింటికి వచ్చు కూలి, పంటకు వచ్చు పైకము, నెలకు వచ్చు జీతము అను ఈ నాలుగును నాలుగు దారులు పట్టును. మొదటి మూడును తిన్నగా కిరాణపు దుకాణమునకు పోవును. నాలుగవది మాత్రమే గాజుతలుపుల దుకాణమువైపు తిరుగును.

కిరాణపు దుకాణమునకు ప్రాణము ఉద్దెర. గల్లాపెట్టె ప్రక్కన పొడుగాటి ఖాతాపుస్తక మొకటి, దారముతో కట్టిన కలము, పైన వ్రేలాడు పొట్లపు కాగితములు, వాకిట ఉల్లిగడ్డ బస్తా. సాయంత్రము వేళ ఒక యిల్లాలు వచ్చి శక్కర అద్దకిలో, మంచినూనె పావుకిలో, చాపత్త చిన్న పొట్లము, సబ్బు ఒకటి తీసికొని, "పగారు రాంగనె ఇస్త, రాసుకో సేటూ" అనును. అతడు తలయెత్తకుండ వ్రాసికొనును. ఈ వ్రాతకు సాక్షి లేడు, దస్తావేజు లేదు, వడ్డీ యను మాటయు పైకి లేదు. ఇంతటి విశ్వాసము మీద నడచు వ్యవహారము బ్యాంకులలో మనకు కానరాదు. పెండ్లియైనను, చావైనను, ఆసుపత్రియైనను, ముందుగా సరుకిచ్చి పిదప లెక్క చూచువాడు ఆ గల్లీ సేటే. పెద్దనోట్లు రద్దయిన 2016 నవంబరులోను, సాంచాలు నిలిచి దేశమంతయు తలుపులు మూసికొన్న 2020 మార్చిలోను, కూలివాని పొయ్యి వెలుగుటకు ఈ ఖాతాపుస్తక మెంత తోడ్పడెనో ఆ గల్లీలవారిని అడిగిన చెప్పుదురు.

అయినను ఈ పుస్తకమునకు రెండవ ప్రక్క యొకటి కలదు. ఉద్దెర ఉన్న ఇంటివారు ధర నడుగలేరు. పప్పులో పుల్ల లున్నవనియు, తూకము మొగ్గలేదనియు నోరు తెరచి యనలేరు. ప్రక్కకొట్టులో నూనె పది రూపాయలు తక్కువకు దొరకునని తెలిసియు, పాతబాకీ నిలిచియుండగా అచ్చటికి పోవుటకు మొగము చెల్లదు. వడ్డీ పద్దులో లేదుగాని ధరలో ఇమిడి యున్నది. సేటును నిందించుట నా యభిమతము కాదు. అతనికిని పై టోకువర్తకుని బాకీ కలదు, ఊరు విడిచి భీవండికో సూరతుకో పోయిన ఇంటిపద్దు అతని నెత్తిమీదనే మిగులును. ఉద్దెర అతడు కనిపెట్టిన ఉచ్చు కాదు. కూలి యాలస్యముగా, అరకొరగా, నమ్మకము లేక వచ్చుటవలన పుట్టిన లోటును అతడు తన కొట్టుతో పూడ్చుచున్నాడు, అందుకు తగిన మూల్యమును రాబట్టుకొనుచున్నాడు. మల్లాపూరు మండలము ముత్యంపేటలోని నిజాం చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామి పాలై, 2015 డిసెంబరులో లేఆఫ్ పేరిట మూతపడినప్పుడు పత్రికలు చెరకురైతులను గూర్చి, కార్మికుల జీతబాకీలను గూర్చి వ్రాసినవి, వ్రాయదగినదే. కాని ఒక కర్మాగారము మూతపడినచో దాని బాకీ ఎన్ని చిన్నకొట్ల ఖాతాలలోనికి ప్రాకునో ఆ లెక్క ఎవరును తీయరు. సిరిసిల్లలో 2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డరుతో కుదుటపడిన సాంచాలు ఆ ఆర్డరు నిలిచిన 2024 ఆరంభమున మూగవోయినప్పుడును ఇదే జరిగినది. పని నిలిచిన దినము సాంచ యాగును, ఉద్దెర మాత్రము నడుచుచునే యుండును.

పూర్వకాలమున ఈ మాత్రపు ఎన్నికయైనను లేకుండెను. నిజాము పాలనలో ఊరి దొరవద్ద జీతముండిన భగేలాకు రూకలతో పనిలేదు. ధాన్యమే కూలి, ధాన్యమే అప్పు, ఆ ధాన్యముపై నాగువడ్డీ. 1936లో హైదరాబాదు ప్రభుత్వము భగేలా ఒప్పందములను క్రమపరుప నొక చట్టము చేసెను గాని అది కాగితము దాటి పల్లెకు నడచివచ్చుట బహుమందముగా జరిగెను. గింజలు కొలుచు చేయియే పనిచేయించు చేయియైనప్పుడు అంగడి యెక్కడిది, బేరమెక్కడిది? 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు బారులుదీరి నడచిన జైత్రయాత్రను గూర్చి వినని తెలుగువారుండరు. వెట్టి మానుట, పాలేర్ల జీతములు పెంచుట, ఊరిపెద్దలు దండుగలపేర గుంజిన డబ్బు తిరిగి యిచ్చుట వారి కోరికలలో ముఖ్యములు. ఆ యేడే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆనాటి రాజకీయములను, ఆ తరువాతి రక్తపాతమును విమర్శించుటకు ఇది సమయము కాదు. మన ప్రస్తావనకు వలసినది ఒక్కటే: ఆ కూలిసంఘముల పోరాటము వలన జీతము గింజలనుండి రూకలకు మరలుట వేగిరపడెను, రూకలు చేతికి వచ్చిన పాలేరు తొలిసారి అంగడిలో తనకు నచ్చిన కొట్టుముందు నిలువగలిగెను. కొట్టును ఎన్నుకొను స్వేచ్ఛ వర్తకులు ప్రసాదించినది కాదని చెప్పుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము మనకు దొరకదు.

ప్రభుత్వపు చౌకధరల దుకాణము ఇంకొక యంకము. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చుటతో కూలియింట గంజి వెనుకకు నడచి అన్నము ముందుకు వచ్చెను. 2025 ఉగాదినాడు హుజూర్‌నగరులో ఆరంభమైన సన్నబియ్యపు పథకము మనిషికి నెలకు ఆరు కిలోలు ఉచితముగా నిచ్చుచున్నది. లోగడ దొడ్డుబియ్యమును తెచ్చి తెచ్చినట్లే అమ్ముకొని ఆ డబ్బుతో కొట్టులో సన్నబియ్యము కొనుక్కొను ఇండ్లు పల్లెపల్లెనను ఉండెడివి. బియ్యపు బాధ కొంత తీరిన యింట ఉద్దెర కూడ ఆ మేరకు తగ్గును. పప్పునకు, నూనెకు మాత్రము సేటే దిక్కు.

ఇక గొలుసు దుకాణములు. వీటి చరిత్ర మన రాష్ట్రమునకు పరాయిది కాదు. 1986లో హైదరాబాదున మొదలైన త్రినేత్ర, పిదప 2007లో బిర్లాల పరమై 'మోర్' అను పేరు దాల్చెను. రిలయన్స్ ఫ్రెష్ తన మొట్టమొదటి కొట్లను 2006లో హైదరాబాదులోనే తెరచెను. 2002లో ముంబయి పొవాయిలో పుట్టిన డీమార్టు నేడు మన జిల్లాకేంద్రములకు చేరినది. హెరిటేజి తన కొట్లను 2016లో ఫ్యూచర్ సంస్థకు అమ్ముకొనగా, ఆ ఫ్యూచర్ అప్పులపాలై దాని కొట్లలో పెక్కు 2022లో రిలయన్సు చేతికి పోయినవి. పేర్లు మారుచుండును, బల్లలు, ట్రాలీలు అవే. కరీంనగరములో వెలసినవి కొన్ని, వాటిని చూచి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో స్థానికులు పెట్టిన సూపరు మార్కెట్లు కొన్ని. అచ్చట ధర అట్టపై ముద్రించి యుండును, తూకము యంత్రము చెప్పును, కొనువాని కులమును, గల్లీని, పాతబాకీని ఎవరు నడుగరు. ఈ చివరిదానిని స్వల్పముగా చూడరాదు. గల్లీ సేటు కొట్టులో ఒకప్పుడు దూరముగ నిలువవలసి వచ్చిన వారి మనుమరాలు నేడు ట్రాలీ నెట్టుకొనుచు తన చేతితో సరుకు దీసికొనుట మన సంఘములో చిన్న మార్పు కాదు.

కాని ఆ మనుమరాలు ఎవరు? ఆమె భర్త గల్ఫులో నుండును, లేదా ఆమెయో అతడో సర్కారు కొలువు చేయుదురు. చీటీ వ్రాసికొని, నెల మొదటి వారమున ఆటోలో వచ్చి, నెలసరి సామాను ఒక్కసారి కట్టించుకొని పోవుదురు. రొక్కము చేతనున్నవారికి గొలుసు దుకాణము చౌక. అచ్చట ఉద్దెర పుట్టదు. కావున ఒకే గల్లీలో ఎక్కువ ధర పెట్టువాడు బీదవాడు, తక్కువ ధరకు కొనువాడు కలిగినవాడు. పది రూపాయల నూనెపొట్లమును దినదినము కొనుట కంటె అయిదు లీటర్ల డబ్బా చౌకయని సాంచాల కార్మికునికి తెలియకపోలేదు. డబ్బా ధర అతని పగారులో పెద్దవాటా, అదియే చిక్కు.

గోదావరిఖని బొగ్గుగనులవైపు చూచినచో ఈ మాట మరింత విశదమగును. సింగరేణి కార్మికునికి నెలజీతము కలదు, ఆ జీతమునకు కాపుగా బలమైన సంఘములు కలవు, సంస్థయే నడపు సూపర్ బజార్లు కలవు. సంఘబలము గల కూలి ఎట్టి కొట్టుకు నడచునో అచ్చట చూడవచ్చును. మన బీడీ కార్మికురాండ్ర విషయమున కూడ సంఘములు ఊరక కూర్చుండలేదు. ఇంటింట చెదరియుండి, ఒకరి మొగ మొకరు చూడని ఈ స్త్రీలను ఎఐటియుసి, సిఐటియు, ఐఎఫ్‌టియు వంటి సంఘములు కూడగట్టి, గుర్తింపు కార్డులకై, పి.ఎఫ్. ఖాతాలకై పట్టుబట్టినవి. ఆ ఖాతాయే ఆధారముగా తెలంగాణ ప్రభుత్వము నెలకు వేయి రూపాయల జీవనభృతి నిచ్చెను, 2019లో అది 2,016 అయ్యెను. ఆ సొమ్ము అన్ని ఖర్చులకు చాలదు. అయినను నెలకు నికరముగా ఇంత వచ్చునను నిశ్చయ మొకటి ఏర్పడినప్పుడు, ఆ యిల్లాలు కనీసము నూనె, పప్పు రొక్కమునకు కొని, ధర యడుగుటకు నోరు తెరువగలుగును.

గొలుసు దుకాణములో మనకు సరకు అందించువారి సంగతి ఇప్పుడు చూతము. సాధారణముగా వారు ఇరువదేండ్లకు అటునిటుగా నున్న పిల్లలు, అందులో ఆడపిల్లలు మెండు. ఇంటరో డిగ్రీయో చదివినవారు. గల్లాకడ నుండునది ఒక పిల్ల. స్కానరు కూయుచుండును, వరుస సాగుచుండును, ఆమె కాళ్లు మాత్రము ఉన్నచోటనే యుండును. పండుగ ముందటి శనివారము రాత్రి అట్టి కొట్టులో నొకదానిలో నేను వరుసలో నిలిచి చూచితిని. గల్లాకడి పిల్ల చెప్పులు విడిచి, ఒక కాలిని మరొక కాలిపై నానించి, మరల మార్చి, మరల మార్చి, చేతులతో మాత్రము వేగము తగ్గనీయకుండెను. ఆమె వెనుక కుర్చీ లేదు. కుర్చీ పెట్టుటకు చోటు కలదు.

ఈ కుర్చీ విషయమై కేరళలో నొక పోరాటము జరిగినది. కోళిక్కోడు మిఠాయివీధి కొట్లలో పనిచేయు స్త్రీలు 'పెణ్‌కూట్టు' అను పేర కూడి, నిలువుకాళ్ల కొలువును, మూత్రశాలలు లేని దుస్థితిని బజారుకెక్కించి, ఏండ్ల తరబడి పట్టువిడువక పోరాడగా, 2018లో ఆ రాష్ట్రము తన దుకాణముల చట్టమును సవరించి పనివేళ కూర్చుండు హక్కును వ్రాసిపెట్టెను. 2021లో తమిళనాడు ఆ బాటనే నడచెను. మనకును దుకాణముల చట్టము లేకపోలేదు. హైదరాబాదు రాజ్యమునకు 1951లోనే యొకటి యుండెను, 1988 నాటిది నేడు అమలులో నున్నది. దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదియెనిమిది గంటలు, వారమున కొక సెలవు అందలి మూలసూత్రములు. సంఘము పెట్టుకొనుటకు 1926 నాటి చట్టము ఏడుగురు చాలుననెను. 2001 సవరణ ఉద్యోగులలో పదిశాతము గాని నూరుగురు గాని, ఏది తక్కువైన అది, ఉండవలెనని షరతు పెట్టెను. 2025 నవంబరు 21 నుండి ఇరువదితొమ్మిది కేంద్రచట్టములు నాలుగు కోడులలో కలిసిపోయినవి. ఈ కూడికతీసివేతలపై సంఘములవారికి తగవు కలదు, ఉండదగినదే. కాని సాంచాలవానికి సంఘమున్నది, బీడీలామెకు సంఘమున్నది, మార్కెటు యార్డులో బస్తా మోయు హమాలీకి సంఘమున్నది. గల్లాకడి పిల్లకు లేదు. ఏటేట మారు పనివాండ్రను ఏ సంఘమును పట్టించుకొన్నట్లు కానరాదు. అయ్యో, ఆ పిల్ల తండ్రియే సాంచాల సంఘములో చందాదారుడై యుండవచ్చును!

ఈ కథలో విచిత్రమైన మలుపు గల్ఫు. జగిత్యాల కుర్రవాడు దుబాయి హైపరు మార్కెటులో బల్లలపై డబ్బాలు పేర్చును. అతడు పంపు సొమ్ముతో అతని తల్లి జగిత్యాలలోని సూపరు మార్కెటులో అట్టి డబ్బాలనే కొనును. అచ్చట పేర్చు చేయికిని, ఇచ్చట లెక్కగట్టు చేయికిని సంఘము లేదు. సౌదీలో, ఎమిరేట్సులో, ఖతారులో వలసకార్మికునికి సంఘము కట్టుకొను హక్కు చట్టములోనే కానరాదు. మనదేశమున హక్కు చట్టములో నుండియు కొట్టులో కానరాదు.

నేతగానికిని కిరాణపు కొట్టుకును గల సంబంధము సిరిసిల్లలోనే పుట్టినది కాదు. ఇంగ్లాండు దేశమున రోచ్‌డేల్ అను ఉన్నినేత పట్టణమున నూటయెనుబది యేండ్లక్రిందట కూలిపెంపు కోరి ఓడిన నేతగాండ్రు ముఖ్యులుగా ఇరువదియెనమండుగురు, మనిషికొక పౌనుచొప్పున వారమునకు కొన్ని పెన్నీలు కూడబెట్టి, 1844 డిసెంబరు 21న ఒక చిన్న దుకాణము తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓట్సుపిండి, క్రొవ్వువత్తులు, ఇవియే వారి సరకు. కొన్ని పట్టణములలో మిల్లు యజమానులు తమ కూలీలకు డబ్బుకు మారుగా తమ కొట్టు సరుకునే అంటగట్టుచు, కల్తీపిండిని బలవంతముగా తినిపించిన కాలమది. రోచ్‌డేల్ వారి నియమములలో ముఖ్యమైన దేమనగా కల్తీలేని సరకు, సరియైన తూకము, లాభమును ఎవరు ఎంత కొనిరో ఆ నిష్పత్తిని పంచుట, ఉద్దెర లేకుండుట. ఈ చివరి నియమమును మన సంస్కర్తలు తరచుగా పొగడుదురు. కాని పేదవాని నొక్కసారిగా ఉద్దెర మానుమనుట, కుంటివాని కర్రను లాగికొని నడువుమనుటవంటిది. కూలి నికరము కానిచోట సహకార దుకాణము రెండునెలలు కూడ నిలువదు. కావున సంఘము మొదట కూలిని నికరము చేయవలెను, ఆ వెనుకనే దుకాణము.

మనదేశమునను అట్టిది జరుగలేదనరాదు. ముంబయిలో మన పద్మశాలీ సోదరులు తరతరములుగా నూలుమిల్లులలో చెమటోడ్చిన ఆ నగరముననే, నయ్‌గావ్ మిల్లు కార్మికుల నడుమ 1948లో చిన్న వినియోగదారుల సహకారసంఘముగా మొలచినది 'అప్నా బజార్'. ఢిల్లీలో 1966లో, రూపాయి విలువ తగ్గింపు పిదప ధరలదెబ్బ తట్టుకొనుటకు ప్రభుత్వమే తెరచిన సూపర్ బజార్ మాత్రము నష్టములలో మునిగి 2002లో తలుపులు మూసెను. కట్టుకొన్నది జనులా, ఏలికలా అను తేడా ఈ రెంటిలో కానవచ్చును. సహకారమును మన ప్రాంతమునకు నేర్పవలసిన పనియు లేదు. సిరిసిల్లలోని 'సెస్' సంఘము 1970 నుండి పల్లెలకు విద్యుత్తును సహకారపద్ధతిని అందించుచున్నది. దేశమునందలి అతి కొద్ది సహకార విద్యుత్ సంఘములలో నదియొకటి. ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు నెలకొల్పిన సహకారసంఘమును గూర్చి పరదేశములనుండి వచ్చి చూచిపోవుదురు. అదేయూరి మహిళల పాడిసంఘపు 'స్వకృషి' పాలు 2000 సంవత్సరము నుండి మన ఇండ్లకు వచ్చుచున్నవి. దీపమును, పాలను సహకారమున తెచ్చుకొన్న జనులు ఉప్పునకు, పప్పునకు ఎందులకు వెనుకాడుదురో నాకు బోధపడదు. సంఘనాయకులను అడిగినచో కూలి పెంపు మాకు ముఖ్యమందురు. పెరిగిన కూలి ఏ గల్లాపెట్టెలో పడునో చూడకుండ పెంచుట, చిల్లికుండను నింపుటవంటి పనియని వారికి తెలియకపోదు, చూచుటకు తీరికయే లేదు.

కొనువారి చేతిలోను బలముండునని చెప్పుటకు ఒక్క దృష్టాంతము. అమెరికా కాలిఫోర్నియాలో డెలానో ద్రాక్షతోటల కూలీలు 1965 సెప్టెంబరులో పని మానిరి. తోటయజమానులు లెక్కపెట్టకపోగా, సీజరు చావెజ్ నాయకత్వమున వారు ఊరూర కిరాణా కొట్ల ముందు నిలిచి ద్రాక్ష కొనవలదని ప్రజలను వేడిరి. లక్షలాది కుటుంబములు ద్రాక్షను మానుకొనగా, 1970 జూలైలో యజమానులు ఒప్పందమునకు వచ్చిరి. తోటలో గెలువని సమ్మె బజారులో గెలిచెను. మన యందు అంతటి ఉద్యమమును నేను కోరుట లేదు.

నా మనవి చిన్నది. సంఘములవారు తమ సభ్యులలో ఎందరి పిల్లలు ఈ కొట్లలో పనిచేయుచున్నారో ఒక్కసారి లెక్కచూచి, వారికొక సభ్యత్వపుస్తకము తెరువవలెను. రొక్కము చేతనుండి గాజుతలుపు తెరచుకొని పోవు మనము, గల్లాకడి పిల్లను కుర్చీ యున్నదా, వారమున సెలవు ఎన్నడు అని అడుగవలెను. ఆమె జవాబు చెప్పుటకు జంకినచో కొట్టు మేనేజరునే అడుగవలెను, కొనువాడు అడిగిన ప్రశ్నను ఏ వర్తకుడును తేలికగా త్రోసివేయడు. ఉద్దెరపై బ్రతుకు ఇంటివారు పద్దుకు నకలు చీటీ యిమ్మని సేటును మర్యాదగా కోరవలెను, మంచి సేటు కాదనడు. వారపు సెలవు నడుగుటకు ఏ కొత్త చట్టము రానక్కరలేదు. అది 1988 నుండి వ్రాసియే యున్నది, అమలుకాకున్నచో విన్నపము తీసికొను కార్మికశాఖ కార్యాలయము జగిత్యాలలో నొకటి, సిరిసిల్లలో నొకటి కలవు.